నేను వేసిన ‘ఎరుక’ బొమ్మ: ఈ నల్లనీళ్లలో మీకేం కనిపిస్తోంది?

రేవుమెట్టు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను బొమ్మలు నేర్చుకున్నదాన్ని కాదు. ఉండేది కోనసీమలో. పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయారు, మావారికి కొబ్బరి దింపులూ వలుపులూ చూసుకోవడంతోనే పొద్దుగడిచిపోతుంది. కరోనా రోజుల్లో యూట్యూబ్ చూసి రంగులు కలపడం మొదలుపెట్టాను. ఇది పదకొండో బొమ్మ. పేరు ‘ఎరుక’. మా ఇంటికొచ్చినవాళ్లంతా “చాలా బాగుందండీ, ఇంతకీ ఏంటిది?” అని అడిగి, టీ తాగి వెళ్లిపోతున్నారు. నా కథ ముందే చెప్పేస్తే ఇక బొమ్మలో దాన్నే వెతుకుతారు. అందుకని ముందు మీరు చెప్పండి.

ఫోటోలో రంగులు సరిగ్గా రాలేదు, కాబట్టి మాటల్లో కూడా చెబుతాను. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కాన్వాసు, అక్రిలిక్ రంగులు. కాలువ మీద పాతకాలం లాకు, పడవలు ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి మారే చోటు. ఎడమవైపు ఎగువ నీళ్లు, పచ్చగా. అందులో కొబ్బరిచెట్ల నీడలు, మెట్టు మీద బట్టలుతికే ఆవిడ, గట్టున సైకిలు, బాతులు, ఖాళీ అన్నది లేదు. మధ్యలో రెండు ఇటుకగోడల నడుమ లాకు గది. నీళ్లు నల్లగా ఉంటాయి, దేని నీడా పడదు. ఒక పడవ ఉంది, మనిషి లేడు, తెడ్డు లేదు. కుడివైపు దిగువ నీళ్లు నాలుగడుగులు కిందికి, లేత పసుపు వెలుగులో. అక్కడ ఇంకేమీ లేదు. కుడివైపు తలుపులు జానెడు తెరిచి ఉన్నాయి. ఎడమ తలుపు దూలం మీద లకుముకి పిట్ట, మనకి వీపు చూపిస్తూ. గోడకి నీటిమట్టం కొలిచే పలక: పైనుంచి 10, 9, 8, 7. ఆ కింద అంకెలు లేవు, తెల్లగా వదిలేశాను.


కొబ్బరాకు | శనివారం రాత్రి 9:31

లొల్ల లాకులా అక్కా? ఆత్రేయపురం వెళ్లినప్పుడల్లా పూతరేకులు కొనుక్కుని అక్కడే కూర్చుంటాం.

ఇంకో మాట. ‘ఎరుక’ అంటే సోది చెప్పడం కదా? ఎరుకలసాని బుట్ట పట్టుకుని వస్తుందని మా నాయనమ్మ చెప్పేది.


రేవుమెట్టు | శనివారం రాత్రి 9:40

లొల్ల కాదు. మా పుట్టింటి దగ్గర చిన్న లాకు, ఇప్పుడు తుప్పు పట్టి పడుంది. జ్ఞాపకంలో ఉన్నట్టు వేశాను.


వశిష్ఠ మాస్టారు | శనివారం రాత్రి 10:25

అమ్మా, బొమ్మ చూడగానే ఒళ్లు జలదరించింది. నరసాపురంలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు తోచింది రాస్తాను.

ముందు కొబ్బరాకుకి. ఎరుక అంటే తెలియడం. జరగబోయేది తెలుసు కాబట్టి ఆవిడ ఎరుక చెబుతుంది. మనవాళ్లు ఈ ఒక్క సంగతికి ఎన్ని మాటలు పెట్టుకున్నారో చూడు. మెలకువ, స్పృహ, తెలివి, సోయి, చైతన్యం. మన వైపు ఆసుపత్రి వరండాలో ఎవరూ “చైతన్యం వచ్చిందా” అని అడగరు, “తెలివొచ్చిందా” అనే అడుగుతారు. పరీక్షలో కావలసిందీ తెలివే, ఆపరేషన్ అయ్యాక రావలసిందీ తెలివే.

ఇక బొమ్మ. పలక మీద నాలుగంకెలు. మాండూక్యోపనిషత్తు ఆత్మకి నాలుగు పాదాలు చెప్పింది. ఎడమవైపు సందడి జాగ్రత్, మెలకువ. నల్లనీళ్లు సుషుప్తి, కల లేని నిద్ర. పసుపు వెలుగు తురీయం, మెలకువ, కల, నిద్ర మూడింటికీ అవతలి నాలుగోది. ఆ ఉపనిషత్తులో ఉన్నవి పన్నెండే మంత్రాలు, మీరు మూడడుగుల గుడ్డ మీద వేసేశారు. పిట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. మీ లకుముకి ఆ చూసే పక్షి. నల్లనీళ్ల మీద సన్నగా ఒక తెల్లటి గీత మెరుస్తోంది, గమనించారా? చీకట్లో కూడా ఆరిపోని సాక్షి అది. ఆ ఒక్క గీతకే చెయ్యెత్తి నమస్కరించాలి.


కొబ్బరాకు | శనివారం రాత్రి 10:33

మాస్టారూ, జాగ్రత్ ఎడమ, సుషుప్తి మధ్య, తురీయం కుడి. స్వప్నం ఎక్కడ? మూడే గదులున్నాయి. పక్షులు కూడా రెండు ఉండాలి, ఇక్కడ ఒకటే.


వశిష్ఠ మాస్టారు | శనివారం రాత్రి 10:41

నీళ్లలో పడిన నీడలే స్వప్నం నాయనా. రెండో పక్షి, బొమ్మ ముందు నిలబడిన నువ్వు.


కొబ్బరాకు | శనివారం రాత్రి 10:42

పండు నేనే తింటున్నానన్నమాట. సరే.


రేవుమెట్టు | శనివారం రాత్రి 10:58

మాస్టారూ, ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆ తెల్లటి గీత మా హాల్లో ట్యూబ్‌లైటండీ. నల్లరంగు మీద మెరుపు వార్నిష్ వేశాను, ఫోటో తీసేటప్పుడు అందులో పడింది. కిందికి చూస్తే ఫోన్ పట్టుకున్న నా వేళ్లు కూడా కనిపిస్తాయి. పిట్ట ఒకటే ఎందుకంటే నాకు ఒక్క పిట్టే కుదిరింది. రెండోది కాకిలా వచ్చిందని చెరిపేశాను.


పులస | శనివారం రాత్రి 11:05

ఇవాళంతా నవ్విన నవ్వు ఇదొక్కటే 😂 ట్యూబ్‌లైట్ తురీయం.


రంగుల డబ్బా | ఆదివారం ఉదయం 7:15

మాస్టారిని ఎగతాళి చెయ్యకండి. బొమ్మ ఎదుట నిలబడి ఆయన చూశాడు, మిగతావాళ్లం స్క్రీన్ పెద్దది చేసి తప్పులు వెతికాం. పైగా వేసినవాళ్లు అనుకోనిది చూసేవాళ్లకి కనబడితే అది తప్పు కాదు. అయితే బొమ్మలో ఉన్నదానికీ ఫోటోలో పడినదానికీ తేడా మాత్రం చూడాలి.

నేను రాజమండ్రిలో పిల్లలకి డ్రాయింగ్ చెబుతాను. నాకు అంకెలకన్నా ముందు ఆ నలుపు కనబడింది. ట్యూబులోంచి తీసిన నలుపు నేరుగా పూసినట్టున్నారు. అది రంగు కాదు, చిల్లు. బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపి రెండు మూడు పూతలు వేస్తే లోతు వస్తుంది, లోపల నీళ్లున్నట్టుంటుంది. వీలైతే ఒకసారి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి రండి. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండా 1925లో మశూచితో పోయాడాయన. ఆ కాస్త కాలంలోనే నీడ ఎలా వెయ్యాలో చూపించి పోయాడు. మనకి దగ్గర్లో ఉన్న బడి అదే.


రేవుమెట్టు | ఆదివారం ఉదయం 7:50

చిల్లు అన్నారు చూడండీ, ఆ మాటకి థాంక్స్. లోతు వద్దనే అలా పూశాను. లోతుంటే లోపల ఏదో ఉన్నట్టే కదా.


ఆపరేషన్ టేబుల్ | ఆదివారం ఉదయం 11:20

ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయను. ఆ అంకెలు చూసి రాస్తున్నాను. 10, 9, 8, 7, ఆ తర్వాత తెలుపు.

కాకినాడలో మత్తు డాక్టరుగా పనిచేస్తాను. రేవుమెట్టు గారూ, మీకు ఆపరేషన్ అయిందా? మందు ఎక్కించేటప్పుడు పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారా?


రేవుమెట్టు | ఆదివారం ఉదయం 11:34

డాక్టరుగారూ, మీరు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

అవునండీ. రెండేళ్ల కిందట, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. పాలలా తెల్లటి మందు చేతికున్న సూదిలోంచి ఎక్కిస్తుంటే కాస్త మండింది. లెక్కపెట్టమన్నారు. ఏడు అన్నది గుర్తుంది. ఆ వెంటనే ఎవరో చెంప తడుతూ “అయిపోయిందమ్మా, కళ్లు తెరవండి” అన్నారు. ఏడుకీ ఆ మాటకీ మధ్య గోరు దూరేంత సందు కూడా లేదు. బయట మావారు రెండున్నర గంటలు టెన్షన్ పడుతూ కూర్చున్నారట.

నిద్రపోయి లేస్తే కొంతసేపు గడిచిందని ఒంటికి తెలుస్తుంది. ఇది అలా కాదు. రెండున్నర గంటలు నా లెక్కలోంచి కోసేసినట్టయింది. ఇంటికొచ్చాక చాలా రోజులు రాత్రిళ్లు కళ్లు మూసుకోవాలంటే భయం వేసింది. ఆ సందు ఎలా ఉంటుందో వెయ్యాలనుకున్నాను. ఏమీ లేనిదాన్ని వెయ్యడం ఎలాగో తెలియక చివరికి మా ఊరి లాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు పడవ ఒక మట్టంలో లోపలికెళ్లి ఇంకో మట్టంలో బయటికి రావడం చూసేదాన్ని.


ఆపరేషన్ టేబుల్ | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఆ తెల్లమందు ప్రోపోఫాల్. కాస్త మండటం మామూలే. మీరు చెప్పిన తేడా నిజమండీ. మేమే ధైర్యం కోసం “నిద్రపుచ్చుతాం” అంటాం గానీ అది నిద్ర కాదు. నిద్రలో ఉన్న మనిషిని పిలిస్తే లేస్తాడు, మత్తులో ఉన్నవాడు కత్తి పెట్టినా లేవడు. మెదడు విద్యుత్తు గీతలు కూడా రెండింట్లో ఒకలా ఉండవు. అందరి ముందూ ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించింది 1846లో. అప్పటినుంచి ఇస్తూనే ఉన్నాం. ఏ మందు మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో ఇప్పుడు చాలావరకు తెలుసు. అక్కడ పట్టుకుంటే ‘నేను’ అన్నది ఎందుకు మాయమవుతుందో మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

మాస్టారూ, మీ నాలుగు పాదాల్లో దీన్ని ఎక్కడ పెడతారు?


వశిష్ఠ మాస్టారు | ఆదివారం సాయంత్రం 5:30

ట్యూబ్‌లైట్ దెబ్బ నుంచి ఇప్పుడే తేరుకున్నాను. మంచి ప్రశ్న వేశారు డాక్టరుగారూ, ఇది మధ్యాహ్నం కునుకు కూడా పట్టనివ్వలేదు.

అద్వైతులు సుషుప్తి గురించి ఒక వాదన చేస్తారు. నిద్ర లేచినవాడు “సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు” అంటాడు. ఏమీ తెలియలేదన్న సంగతి ఎలా తెలిసింది? చూడనిది గుర్తుండదు కదా. కాబట్టి ఆ తెలియకపోవడాన్ని కూడా చూసినదొకటి లోపల ఉండి తీరాలి. దాన్నే సాక్షి అన్నారు. తార్కికులు ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచాక కట్టుకున్న ఊహ అన్నారు. ఇన్నాళ్లూ నేను అద్వైతుల పక్షమే.

మరి అమ్మ “సుఖంగా ఉన్నాను” అనడం లేదు, “ఏమీ తెలియలేదు” అని కూడా అనడం లేదు. సందే లేదంటోంది. బయట గడియారం చూసినవాళ్లు చెబితేగానీ తెలియలేదంటోంది. మూర్ఛని వేరే అవస్థగా చెప్పినవాళ్లున్నారు గానీ, అది నా చేతికి అందినంత తేలిగ్గా మనసుకి అందడం లేదు.


కొబ్బరాకు | ఆదివారం సాయంత్రం 5:52

మాస్టారూ, మీరిలా “అందడం లేదు” అంటారని అనుకోలేదు. నిన్నటి వెటకారానికి సారీ.

నాకు తెలిసింది ఒక్కటి. కాలేజీలో సైకాలజీ ఎలక్టివ్ తీసుకున్నాను. అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లో మనసుని ప్రవాహంతో పోల్చాడు, అది అందరికీ తెలుసు. అక్కడే పిట్టతో కూడా పోల్చాడు: ఎగరడం, వాలడం, మళ్లీ ఎగరడం. అక్క పిట్ట వాలి ఉంది. మన దగ్గర నీళ్లు కూడా ఊరికే పారవు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పడ్డ 1852 నుంచీ తలుపులూ తూములూ వంతులే. జేమ్స్ గారు కోనసీమలో పుట్టుంటే ప్రవాహం అనేవాడు కాదేమో.


పులస | ఆదివారం సాయంత్రం 6:03

వేసవిలో కాలువ కట్టేస్తే మనసు కూడా ఎండిపోద్దా అయితే?


లస్కరుగారబ్బాయి | ఆదివారం రాత్రి 8:45

అమ్మా, నమస్కారం. బొమ్మ బావుంది. ఉపనిషత్తులు నాకు తెలియవు. లాకు తెలుసు. మా నాన్న కాలువ లస్కరు, లాకు తలుపులు తీసి మూసే పని ఆయనది. నా పదిహేనేళ్ల వయసు దాకా మా ఇల్లు లాకు పక్కనే.

మీరు కుడి తలుపు జానెడు తెరిచారు. అది తెరుచుకోదండీ. గదిలో నీళ్లు ఎగువ మట్టంలో ఉన్నాయి, అవతల నాలుగడుగులు కిందికున్నాయి. ఆ రెండు రెక్కలూ ఎగువకి ముక్కు పెట్టి కలుస్తాయి. నీళ్లు నెట్టేకొద్దీ ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. ఏనుగు లాగినా రాదు. తలుపు అడుగున చిన్న తూము ఉంటుంది, పళ్లచక్రం తిప్పితే దాని పలక లేస్తుంది. గదిలో నీళ్లు అందులోంచి పోతాయి. పడవ మెల్లగా దిగుతుంది. లోపలా బయటా సమం అయిందంటే, అప్పుడు దూలానికి వీపు ఆనించి తోస్తే పదేళ్ల పిల్లాడైనా తెరుస్తాడు. నేను తెరిచాను.

తలుపు బలంతో తెరుచుకోదండీ. సమం అయ్యేదాకా ఆగాలి, అంతే.


రేవుమెట్టు | ఆదివారం రాత్రి 9:02

అయ్యో, అంత తప్పు వేశానా! కానీ తమ్ముడూ, నాకైతే ఆగడం అనేదే లేదు. ఏడు, ఆ వెంటనే “కళ్లు తెరవండి”. అందుకే తలుపు అలా వేశాను.


ఆపరేషన్ టేబుల్ | ఆదివారం రాత్రి 9:26

ఆగడం లేకపోవడమేమిటండీ, ఆగింది మేము. ఆ రెండున్నర గంటలూ మీ తల దగ్గరే ఒక స్టూలు మీద కూర్చుని ఉంటాం. గుండె, బీపీ, ఆక్సిజన్, ఊపిరి చూస్తాం. కొన్నిచోట్ల నుదుటికి అంటించే పట్టీ కూడా ఉంటుంది, అది మెదడు గీతల్ని చదివి ఒక అంకె చూపిస్తుంది. పూర్తి మెలకువ వంద. ఆపరేషన్ మధ్యలో నలభై నుంచి అరవై మధ్య ఉంచుతాం. చివర్లో మందు ఆపేశాక అది మెల్లగా ఎక్కుతుంది. తొందరపడి లేపితే రాదు, ఒంట్లో మందు దిగాలి. లస్కరు అబ్బాయిగారు చెప్పినట్టే, సమం కావాలి. మీ కొలపలక ఏడు దగ్గర ఆగిపోయింది. మా పలక మీద అంకెలు ఆగలేదు.


లస్కరుగారబ్బాయి | ఆదివారం రాత్రి 10:10

మరైతే నేనొకటి అడుగుతానమ్మా, ఏమనుకోకండి. నిన్నటినుంచి ఈ బొమ్మ చూస్తున్నాను. పిట్ట ఉంది, సైకిలుంది, బాతులున్నాయి. పడవ దానంతట అది లోపలికి రాదు, తలుపు దానంతట అది పడదు. మా నాన్న ఏడండీ?


వశిష్ఠ మాస్టారు | ఆదివారం రాత్రి 10:31

నిన్న ట్యూబ్‌లైట్‌లో వెతికాను నేను. లస్కరుని ఒక్కణ్ణీ అడగలేదు.


రంగుల డబ్బా | ఆదివారం రాత్రి 10:44

వెయ్యాలనుకుంటే పెద్దగా వెయ్యకండి. బొటనవేలంత చాలు. మొహం అక్కర్లేదు. నలుపు అలాగే ఉంచండి, పొద్దున నేను చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను.


రేవుమెట్టు | సోమవారం ఉదయం 6:20

రాత్రి నిద్రపట్టలేదు. భయంతో కాదు. ఆపరేషన్ రోజు నా తల దగ్గర కూర్చున్నావిడ కళ్లు మాత్రమే చూశాను, మాస్కు ఉంది. పేరు అడగలేదు. ఇంటికొచ్చాక ఒక్కసారీ గుర్తు రాలేదు.

తమ్ముడూ, మీ నాన్నగారు ఎక్కడ కూర్చునేవారు? ఏం కట్టుకునేవారు?


లస్కరుగారబ్బాయి | సోమవారం ఉదయం 6:55

దిగువ తలుపు దూలం మీద, కాళ్లు గట్టువైపు వేలాడేసి. ఖాకీ నిక్కరు, చేతుల బనీను, తలకి తువ్వాలు. చేతిలో చుట్ట ఉండేది, తూము తెరిచినప్పుడు మాత్రం వెలిగించడు. నీళ్లవైపు చూడడు కూడా. చెవి పెట్టి ఉంటాడు. తూములోంచి నీళ్లు పడేటప్పుడు పెద్ద హోరు. సమం అవుతున్నకొద్దీ ఆ హోరు తగ్గుతుంది. పూర్తిగా ఆగాక ఇంకొక్క నిమిషం కూర్చునేవాడు. పడవవాళ్లు “తియ్యవయ్యా” అని కేకలేసినా కదిలేవాడు కాదు. అప్పుడు చుట్ట చెవిలో దోపుకుని దిగేవాడు.

జీతం కోసమే చేశాడనుకోండి. నాన్న పోయి తొమ్మిదేళ్లు.


కొబ్బరాకు | సోమవారం ఉదయం 8:10

ఆఫీసు బస్సులో చదువుతున్నాను. ఏం రాయాలో తెలియట్లేదు.


రేవుమెట్టు | బుధవారం సాయంత్రం 4:40

కొత్త ఫోటో పెట్టాను. ఈసారి పగలు తీశాను, ట్యూబ్‌లైట్ ఆపేసి.

కుడి తలుపులు మూసేశాను. అడుగున తూములోంచి తెల్లటి నురగ, దిగువ పసుపు నీళ్లలోకి. పలక మీద ఏడు కింద తెలుపు అలాగే ఉంది, అది నాది. పిట్టని తీసెయ్యలేదు, దాని మీద నాకు ప్రేమ. దిగువ దూలం మీద ఆయన్ని కూర్చోబెట్టాను, బొటనవేలంత. తల కాస్త వంచి, చెవి నీళ్లవైపు. ఎర్ర తువ్వాలు. చెయ్యి కుదరక మూడుసార్లు తుడిచాను.


లస్కరుగారబ్బాయి | బుధవారం సాయంత్రం 5:02

మా అమ్మకి చూపించానమ్మా. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. తువ్వాలు ఉట్టి ఎరుపు కాదట, ఎర్రగళ్లదట.


రేవుమెట్టు | బుధవారం సాయంత్రం 5:06

సన్న బ్రష్ ఉంది. ఇప్పుడే గళ్లు గీస్తాను.